నివేదికల్లో చోటు దొరకని ఉత్తరం

మొన్న వేసవిలో ఇల్లు మారుతూ అటక మీది పాత నోటుబుక్కులు దింపాను. 2003లో నేను పరిశోధక విద్యార్థినిగా ఉన్నప్పుడు ఒక నిజనిర్ధారణ బృందంతో ఉత్తర తెలంగాణ పల్లెలు తిరుగుతూ రాసుకున్నవి. వాటిలో ఒకదాన్లో పదకొండు పేజీల నిండా ఒకే స్త్రీ మాటలున్నాయి. ఎన్‌కౌంటర్‌లో భర్తని పోగొట్టుకున్న మనిషి. ఆ పదకొండింటిలో ఏడు పేజీలు ఆమె అతన్ని మొదటిసారి ఎక్కడ చూసింది, జాతరలో గాజుల దుకాణం ముందు అతను ఎట్లా నిలబడ్డాడు, ఆ గాజులు ఎవరి చేత పంపించాడు, అవి పగిలిపోతాయని తను చేతికి వేసుకోకుండా బియ్యం గుమ్మిలో ఎన్నాళ్ళు దాచింది, ఇదంతా. మేం అచ్చువేసిన నివేదికలో ఆమెకి నాలుగు లైన్లు దక్కాయి. వయసు, పిల్లలెందరు, భూమి ఎంత, భర్తని ఏ రోజు ఎన్ని గంటలకి తీసుకుపోయారు. నోటుబుక్కులో ఆ ఏడు పేజీలకీ అడ్డంగా ఎర్రసిరా గీత ఉంది. పక్కన ‘అవసరం లేదు’ అని రాసి ఉంది. ఆ రాత నాదే.

మా బృందంలో పెద్దవాళ్ళెవరో కొట్టేసి ఉంటే వాళ్ళమీద నాలుగు మాటలు అనుకుని ఊరుకునేదాన్ని. కానీ అప్పటికే స్త్రీవాదం చదువుకుని, వ్యక్తిగతమే రాజకీయం అని సభల్లో మాట్లాడుతూ ఉన్న నేనే ఆ గీత గీశాను. ఎందుకు గీశానో నాకు నేను చెప్పుకోవాలంటే ఇంకో పదేళ్ళు వెనక్కి, మా ఊరికి పోవాలి. ఇంతవరకూ ఎక్కడా రాయని విషయం ఇది.

మాది అప్పటి కరీంనగర్ జిల్లా, ఇప్పటి జగిత్యాల జిల్లాలో ఒక ఊరు. నేను పుట్టకముందే, 1978లో, జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. కాబట్టి మా తరం పిల్లలకి పోలీసు జీపు, స్తూపం, సంఘం, దళం, ఇన్‌ఫార్మర్ అనేవి ఎప్పుడో కొత్తగా నేర్చుకున్న మాటలు కావు. పాలు, పలక లాగా పుట్టినప్పటినుంచీ విన్నవే. మేం ఆడుకునే ఆట కూడా అన్నలు-పోలీసులు. జొన్నకర్రలే తుపాకులు. ఆడపిల్లలకి ఆటలో మొదట్లో ఒకటే పని ఉండేది, అన్నలకి అన్నం మోసుకుపోవటం. మేం కొట్లాడి మరీ దళంలో చేరాం. చేరాక చచ్చిపోయే వంతు మాత్రం మాకే ఎక్కువగా వచ్చేది. మగపిల్లలు ఆ నియమాన్ని ఎక్కణ్ణించి తెచ్చారో తెలియదు.

నా స్నేహితురాలు ఆటలకి త్వరగానే దూరమయింది. నాకంటే ఏడాది పెద్ద. ఏడో తరగతిలో బడి మాన్పించి బీడీల చాట ముందు కూర్చోబెట్టారు. మా వైపు ఆడపిల్లకి బీడీలు చెయ్యటం వస్తే పెళ్ళి సంబంధం తేలిగ్గా కుదురుతుంది. కంపెనీలో కార్డు ఉంటే కట్నం కూడా కొంచెం తగ్గుతుంది. నేను బడినుంచి రాగానే వాళ్ళింటికి పరిగెత్తేదాన్ని. ఆమె తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టేది. నేను కథ చెప్పేదాన్ని. ఆమెకి చేతులే పనిలో ఉంటాయి, చెవులు ఖాళీ కదా.

ఆ కథలో జాబిలక్క అని ఒకామె ఉండేది. ఆమెని నేనే పుట్టించాను. అడవిలో ఉంటుంది, తుపాకి ఉంది, ఈత వచ్చు, చీకటంటే భయం లేదు, జడ వేసుకోదు. మాకు తెలిసిన ఏ ఆడదానికీ లేనివన్నీ ఆమెకి ఉండేవి. ఇప్పుడు చూస్తే ఆమె విప్లవకారిణి అని చెప్పటం కష్టం. వర్గశత్రువుల గురించి ఆమె ఎప్పుడూ పెద్దగా పట్టించుకోలేదు. ఎక్కువగా నడిచేది. ఎటు పోతున్నావని ఎవరూ అడగకుండా నడవటమే మాకు తెలిసిన అతి పెద్ద సాహసం. సాయంత్రం ఏడు దాటితే ఆడపిల్ల గడప దాటకూడదని ఒకవైపు ఇంట్లోవాళ్ళూ ఒకవైపు పోలీసులూ అంటున్న రోజుల్లో, ఊళ్ళో బతుకమ్మ ఆట కూడా చీకటి పడకముందే ముగించుకుంటున్న రోజుల్లో, ఆమె రాత్రంతా నడిచేది. వాగు దాటేది. మోదుగుచెట్ల కింద పడుకునేది.

మా సామాజికశాస్త్రంలో పిల్లల ఊహాలోకం గురించి చాలా రాశారు. భయం ఉన్నచోట పిల్లలు ఊహల్లోకి పారిపోతారని ఎక్కువమంది అభిప్రాయం. నా అనుభవం అది కాదు. మేం ఎక్కడికీ పారిపోలేదు. మా చుట్టూ ఉన్నదాన్నే, అదే అడవినీ అదే తుపాకినీ తీసుకుని, వాటిలో మాకొక చోటు చేసుకున్నాం. అడవి పోలీసులదీ అన్నలదీ అయితే కొంచెం మాది కూడా అని.

తర్వాత ఆమెకి ఒక అబ్బాయి మీద ఇష్టం కలిగింది. పదో తరగతి చదివేవాడు. వాళ్ళన్న 1990లో, ఆంక్షలు సడలి సంఘాలు బహిరంగంగా సభలు పెట్టుకున్న కొద్దికాలంలో తిరిగి తిరిగి, ఆ తర్వాత అడవికి పోయాడు. 1992 మేలో పీపుల్స్‌వార్ మీద నిషేధం వచ్చాక వాళ్ళింటి మీద ఎప్పుడూ ఒక కన్ను ఉండేది. ఈ అబ్బాయికి మాత్రం రాజకీయాలేమీ లేవు. క్రికెట్ ఉండేది. చిత్రలహరి పాటలు ఉండేవి. కమీషన్‌దారు ఇంటిముందు బీడీలు లెక్కపెట్టించుకోవడానికి ఆడవాళ్ళు వరస కట్టినప్పుడు వీడు సైకిలు మీద అటూ ఇటూ తిరిగేవాడు. అంతే. ఆ అంతే అన్నదే ఆమెకి చాలా పెద్దది.

ఆమెకి చదవటం కూడబలుక్కుంటే వచ్చు. రాయటం సరిగా రాదు. కాబట్టి ఉత్తరం రాసే పని నాకు పడింది. ఏం రాయమంటావు అంటే నవ్వి, ‘నీకు తెల్వదా, నువ్వే రాయి’ అనేది. నాకేం తెలుసు? నాకు తెలిసింది జాబిలక్క ఒక్కతే. ఆమె మాటల్లోనే రాశాను. మోదుగుపూలు పూసినప్పుడు వాగు దగ్గరికి వస్తాననీ, చీకటంటే భయం లేదనీ, ఎవరూ అడగని తోవలో ఇద్దరం నడుద్దామనీ. కింద పేరు పెట్టడానికి భయపడి ‘జాబిలి’ అని పెట్టాం. నాలుగు ఉత్తరాలు రాశాను. రాసి చదివి వినిపిస్తే ఆమె బీడీ చుట్టటం ఆపేసి వినేది. రోజుకి వెయ్యి చెయ్యాల్సిన పిల్ల అలా చేతులు ఆపటం మామూలు విషయం కాదు. నా జీవితంలో అంత శ్రద్ధగా విన్న పాఠకురాలు మళ్ళీ దొరకలేదు. ఇంకోమాట కూడా చెప్పాలి. ఆ ఉత్తరాలు రాస్తున్నప్పుడు నా గుండె కూడా కొట్టుకునేది. ఆ అబ్బాయి గురించా, రాయటం గురించా, పక్కన కూర్చుని వింటున్న ఆమె గురించా అంటే ఇప్పటికీ తేల్చుకోలేదు. మొదటి ప్రేమ అంటే నాకు గుర్తొచ్చేది మాత్రం తంబాకు వాసనే.

1994లో హోళీకి కొంచెం ముందు ఆ అబ్బాయి ఇంట్లో సోదా జరిగింది. అన్న కోసం వచ్చినవాళ్ళకి తమ్ముడి పుస్తకాల్లో ఉత్తరం దొరికింది. ఆ సాయంత్రం పంచాయితీ ఆఫీసు ముందు ఊరందర్నీ కూర్చోబెట్టారు. కుర్చీలో కూర్చున్న అధికారి ఆ ఉత్తరాన్ని పైకి చదివాడు. ముందు గట్టిగా, కోపంగా చదివాడు. జాబిలి ఎవతి, ఏ దళం, ఏ వాగు, మోదుగుపూలంటే ఏం సరుకు అని అడిగాడు. తర్వాత ఎక్కడో ఒకచోట అతనికి విషయం అర్థమైంది. అప్పుడు మళ్ళీ మొదటినుంచి చదివాడు, ఈసారి గొంతు మార్చి, నవ్విస్తూ. కొందరు నవ్వారు కూడా. ఊళ్ళోవాళ్ళని నేను తప్పుపట్టను. దళం చిట్టి కాదు, పిల్లల ప్రేమ చిట్టి అని తెలిసి ప్రాణం లేచొచ్చి నవ్వినవాళ్ళే ఎక్కువ. ‘ఎవతె రాసిందిరా ఇది’ అని అతను మళ్ళీ అడిగాడు. నా స్నేహితురాలు లేచి నిలబడి ‘నేనే రాసిన సార్’ అంది.

నేను లేవలేదు.

ఆ అబ్బాయిని నాలుగు రోజులు ఉంచుకుని పంపించారు. నడవలేక నడుస్తూ వచ్చాడు. ఆ ఏడే వయసు రెండేళ్ళు ఎక్కువ వేయించి పాస్‌పోర్టు తీసి, ముందు బొంబాయికి, అక్కణ్ణించి దుబాయికి పంపేశారు. మా ప్రాంతంనుంచి గల్ఫ్‌కి పోయిన మగపిల్లల కథలన్నిట్లో అప్పు, కరువు ఉంటాయి. కొందరి కథల్లో భయం కూడా ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆమెని ఏం చేశారో మీరు ఊహించగలరు. ‘పిల్ల పేరు ఊరంత వొయ్యింది, ఇగ ఇంట్ల ఉంచుకునుడెట్ల’ అని వాళ్ళవ్వ ఏడ్చింది. రెండు నెలల్లో పెళ్ళయిపోయింది. ఆమెకి పదిహేనేళ్ళు. పెళ్ళికూతురి వయసు పద్ధెనిమిది ఉండాలని 1978లోనే చట్టాన్ని సవరించారన్న సంగతి ఆ రోజు పెళ్ళికొచ్చిన వాళ్ళలో ఎవరికీ గుర్తు రాలేదు. ఇక నా సంగతి. చేతిరాత ఎవరిదో మా బాపు పోల్చుకున్నాడు. ఒక్క మాటా అనకుండా పదిరోజుల్లో హైదరాబాదులో మా చిన్నమ్మ ఇంట్లో దింపివచ్చాడు. అక్కడే చదువుకున్నాను. ఈ డాక్టరేటు ఆ ఉత్తరం వల్ల వచ్చిందే.

ఇప్పుడు మన పనిలోకి వస్తాను.

1994 మార్చిలో అది జరిగింది. పిల్లల హక్కుల మీద 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడికని భారతదేశం 1992 డిసెంబరులోనే అంగీకరించింది. దాంట్లో పదహారో అధికరణం పిల్లల ఆంతరంగిక జీవితం గురించి, ఇల్లు గురించి మాట్లాడుతూ, వాళ్ళు రాసుకునే ఉత్తరాల్లో కూడా అక్రమంగా జోక్యం చేసుకోకూడదంటుంది. ముప్పై ఒకటో అధికరణం ఆటలకీ తీరికకీ పిల్లలకి హక్కుందంటుంది. ముప్పై ఎనిమిది సాయుధ ఘర్షణల్లో ఉన్న పిల్లల గురించి. మనం శిక్షణా శిబిరాల్లో ఈ ఒడంబడిక గురించి చెప్పేటప్పుడు ముప్పై ఎనిమిది దగ్గర చాలాసేపు ఆగుతాం. ఆగాలి కూడా. పదహారు దగ్గర ఆగిన శిబిరం నేనింతవరకూ చూడలేదు. పేదపిల్లకి ఉత్తరమేమిటి, ఆంతరంగికమేమిటి అన్న ఆలోచన మనలోనూ ఉంది. ఒక్క గది ఇంట్లో పదిమంది మధ్య పెరిగే పిల్లకి తనదంటూ ఉండే ఒకే ఒక్క చోటు ఆమె మనసే. బహిరంగంగా చదివింది దాన్నే.

ఇందులో రాజ్యం పాత్ర చెప్పటం తేలిక, ఇదివరకే చాలాసార్లు చెప్పాం. కుటుంబం గురించి కూడా చెప్పాం. ఘర్షణ ఉన్నచోట పెళ్ళి పెందలాడే చేసెయ్యటం రక్షణ పేరుతో జరుగుతుందని మనకి తెలుసు. చెప్పటానికి మనం వెనకాడింది ఉద్యమం గురించి. 2022లో వచ్చిన ‘విరాటపర్వం’ సినిమాకి ఆధారం, 1990ల మొదట్లో ఇల్లు వదిలి దళాన్ని వెతుక్కుంటూ వెళ్ళి, ఇన్‌ఫార్మర్ అనే అనుమానంతో ఆ దళం చేతుల్లోనే చనిపోయిన ఒక అమ్మాయి జీవితమని దర్శకుడు వేణు ఊడుగుల చెప్పారు. ఆ సినిమా చూసి బయటికొచ్చి చాలాసేపు కారు తియ్యలేకపోయాను. మా జాబిలక్క ఉత్తరం పోలీసులకి దళం చిట్టీలాగా కనపడింది. అక్కడేమో ఇష్టపడి వచ్చిన పిల్ల దళానికి పోలీసు మనిషిలాగా కనపడింది. పదిహేను, పదహారేళ్ళ ఆడపిల్ల తన ఊహ చెప్పినట్టు ఒక అడుగు వేసిందీ అంటే దాని వెనక ఇంకెవరో ఉండి తీరాలని ఇద్దరూ అనుకున్నారు. సొంత కోరికతో వచ్చిందన్నది ఇటువాళ్ళకీ అటువాళ్ళకీ నమ్మశక్యం కాలేదు. పోలీసు దెబ్బనీ దళం తూటానీ ఒకే త్రాసులో వేస్తున్నానని కొందరు మిత్రులకి కోపం రావచ్చు. రెండింటి వెనక ఉన్న అధికారాలు ఒకటి కావని నాకు తెలుసు. కానీ ఆ పిల్ల వైపునుంచి చూస్తే ఆ తేడా ఎంత చిన్నదో కూడా చూడాలి.

ఇదంతా కొత్తగా నేను కనిపెట్టింది కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలతో మాట్లాడి స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు మనకి తోవ చూపించింది. మల్లు స్వరాజ్యం లాంటివాళ్ళ పోరాటమే కాదు, అడవిలో కన్న బిడ్డని వదులుకోవాల్సి వచ్చిన కమలమ్మ దుఃఖం కూడా చరిత్రే అని ఆ పుస్తకం చెప్పింది. పెళ్ళిళ్ళ గురించి, పార్టీ లోపలి ఇబ్బందుల గురించి ఆ స్త్రీలు మాట్లాడగలిగారంటే అడిగినవాళ్ళు ఓపిగ్గా విన్నారు కాబట్టే. అది చదివి పెరిగినదాన్ని 2003లో ఎర్రసిరాతో గీత గీశాను. దుఃఖం చరిత్ర అని నేర్చుకున్నాను కానీ ఇష్టం కూడా చరిత్రే అని నేర్చుకోలేదు. వదులుకున్న బిడ్డకి నా నివేదికలో చోటుంది, గుమ్మిలో దాచుకున్న గాజులకి లేదు.

అన్నే ఫ్రాంక్ డైరీ మనలో చాలామంది చదివే ఉంటారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1942 జూన్‌లో పదమూడో పుట్టినరోజుకి వచ్చిన ఆ పుస్తకంలో, 1944 ఆగస్టులో పట్టుబడేదాకా, దాక్కున్న ఇంట్లోనుంచే రాసింది. అదే ఇంట్లో దాక్కున్న పీటర్ మీద ఆమెకి ఇష్టం కలిగింది. అటకమీది కిటికీ దగ్గర ఇద్దరూ కూర్చునేవాళ్ళు. యుద్ధం ముగిశాక బతికి బయటపడ్డ తండ్రి ఆటో ఫ్రాంక్ 1947లో ఆ డైరీని అచ్చువేయించినప్పుడు, తల్లిమీద కూతురు రాసిన కొన్ని కోపపు మాటల్నీ, తన శరీరం గురించి రాసుకున్న కొన్ని భాగాల్నీ తీసేశాడు. వాటిలో చాలావరకు కొన్ని దశాబ్దాల తర్వాతి కూర్పుల్లో గానీ మళ్ళీ కలవలేదు. ఆయన మీద నాకు కోపం రాదు. చనిపోయిన భార్య పరువు, చనిపోయిన కూతురి పరువు కాపాడాలనుకున్నాడు. నేను కూడా ఆ వితంతువు పరువు కాపాడుతున్నాననే అనుకుని ఉంటాను. ఎన్‌కౌంటర్‌లో పోయినవాడి భార్య ప్రేమ ముచ్చట్లు చెప్తే కోర్టులో, పత్రికల్లో ఆమెకి గౌరవం ఉండదని. బాధితురాలు బాధితురాలిలాగే కనిపించాలని. ఇది ప్రేమ, పరువు కలిసి చేసే పని కాబట్టి పట్టుకోవటం కష్టం.

ఇటీవలి సంగతి ఒకటి. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక దంతేవాడ వైపునుంచి వేలమంది ఆదివాసులు అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వచ్చి పడ్డారు. ఆ సాయుధ దళాలు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలైలో తీర్పిచ్చింది. వచ్చినవాళ్ళు చాలామంది ఇక్కడే మిగిలిపోయారు. గుత్తికోయల గూడేల్లో మనం ఏం లెక్కపెట్టాం? రేషను కార్డులు, బోర్లు, కుల ధృవీకరణ పత్రాలు, తగలబెట్టిన గుడిసెలు. అన్నీ అవసరమే. బస్తర్ మురియాల్లో ఈడొచ్చిన పిల్లలు కలిసి పాడుకుని ఆడుకుని తోడు వెతుక్కునే ఘోటుల్ ఉండేదని వెరియర్ ఎల్విన్ 1947లోనే పెద్ద పుస్తకం రాశాడు. ఆయన దాన్ని కొంచెం ఎక్కువగా మురిసిపోయి రాశాడని నా అభిప్రాయం, అది వేరే చర్చ. నేను ఒక గూడెంలో మాట్లాడిన స్త్రీని ‘మీ ఊళ్ళో పోగొట్టుకున్నవి ఏమిటి’ అని అడిగితే ఇల్లు, పశువులు, ఇప్పచెట్లు చెప్పాక కొంచెం ఆగి, ‘మా పిల్లలకి పాటలు నేర్చుకునే జాగ లేదు’ అంది. నష్టపరిహారం ఫారంలో ఆ కాలమ్ ఉండదు. ఉండాలని కూడా అనను. దానికి వెల కట్టబోతే ఇంకో రభస. కానీ మన నివేదికలో ఒక పేజీ ఉండొచ్చు కదా.

చావుల మధ్య ప్రేమ గురించి ఏమిటండీ అని అడిగే మిత్రులున్నారు. వాళ్ళ ప్రశ్న నాకు చులకన కాదు, నేనూ పదేళ్ళు అదే అడిగాను. నా జవాబు ఒకటే. చావుల లెక్క ఎందుకు తీస్తున్నాం? బతుకు విలువైంది కాబట్టి. ఆ బతుకులో ఏముండేదో రాయకపోతే పోయిందేమిటో చదివేవాళ్ళకి ఎట్లా తెలుస్తుంది? నాలుగు లైన్ల భర్తని ఎవరైనా మర్చిపోతారు. గాజుల దుకాణం ముందు నిలబడ్డ కుర్రవాణ్ణి మర్చిపోవటం కష్టం.

ఇంకో ప్రశ్న ఇంతకంటే గట్టిది, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. రాసిన ప్రతిదీ ఎవరి చేతికైనా చిక్కుతుంది. పంచాయితీ ఆఫీసు ముందు చదివిన ఉత్తరం మళ్ళీ నా నోటుబుక్కు రూపంలో తయారు కాదని నమ్మకమేమిటి? ఇవాళ పరిస్థితి ఇంకో రకంగా ఉంది. మా ఊళ్ళో ఇప్పుడు సోదాలు లేవు. కానీ ఉత్తరానికి బదులు ఫోను వచ్చింది, దాన్ని అన్న చూస్తాడు, తండ్రి చూస్తాడు. 2012లో పోక్సో చట్టం వచ్చి సమ్మతి వయసుని పదహారు నుంచి పద్ధెనిమిదికి పెంచాక, ఇష్టపడి వెళ్ళిన పదిహేడేళ్ళ పిల్ల కేసులో ఆమె ఫోను సాక్ష్యం అవుతుంది, ఇష్టపడ్డ కుర్రవాడు ముద్దాయి అవుతాడు. చిన్నపిల్లల మీద జరిగే అత్యాచారాలకి ఆ చట్టం ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. 2023 సెప్టెంబరులో లా కమిషన్ వయసు తగ్గించవద్దంటూనే, పదహారు-పద్ధెనిమిది మధ్య వయసువాళ్ళ కేసుల్లో జడ్జీలకి కొంత విచక్షణ ఉండాలని సిఫార్సు చేసింది. నాకు తెలిసిన కార్యకర్తల్లో దీనిమీద రెండభిప్రాయాలున్నాయి. ఉండటమే మంచిది. నేననేది ఒకటే, ఆ పిల్ల ఏమనుకుందో తీరిగ్గా అడిగేవాళ్ళు ఆ గదిలో ఒకరుండాలి. అడిగి, ఆమె వద్దన్నది బయటికి రానివ్వని వాళ్ళు. అడగటం ఎంత ముఖ్యమో, ఏది రాయకూడదో ఆమెనే తేల్చనివ్వటం కూడా అంతే ముఖ్యం. నేను గాజుల ముచ్చట కొట్టేసినప్పుడు తప్పు కొట్టెయ్యటంలో లేదు. ఆమెని అడక్కుండా కొట్టెయ్యటంలో ఉంది.

అందుకే ఇది రాసేముందు మా ఊరి పక్క ఊరికి, నా స్నేహితురాలి దగ్గరికి వెళ్ళాను. ఇద్దరు మనవలున్నారు. ఇంకా బీడీలు చేస్తోంది, వెయ్యి కాదు, చేతనైనన్ని. పక్కన కూర్చున్నాను, అదే వాసన. రాస్తానని చెప్పాను. పేరు వద్దంది, ఊరు వద్దంది. ఆమె భర్తకి తెలుసా అని అడిగాను. ‘పెండ్లయిన నాడే చెప్పిన. ఊరంత విన్నది ఆయన ఇనకపోతెట్ల’ అంది. ఆ అబ్బాయి గురించి నేనడగలేదు, ఆమె చెప్పలేదు.

చివరికి ముప్పై ఏళ్ళుగా లోపల పెట్టుకున్న మాట బయటపెట్టాను. ఆ రోజు నేను లేవాల్సింది, ఉత్తరం రాసింది నేను కదా, ఈ వ్యాసంలోనైనా ఆ మాట రాసి ఒప్పుకుంటాను అన్నాను. ఆమె చేతులాగాయి. నావైపు చూసిన చూపులో జాలి లేదు, కొంచెం కోపం ఉంది.

‘నువ్వెట్ల రాసినవే?’ అంది. ‘చెయ్యి నీది గావచ్చు. ఆ చిట్టీ నాది. గట్లనే రాయి.’

రాశాను.